చనిపోయినవాడే ముద్దాయి ఎలా అవుతాడు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. పోలీసు కాల్పుల్లో మనిషి పోతే తర్వాత చట్టం ఏం చేస్తుంది, ఎవరు ఎవరిని అడగాలి అని. అందుకని పొలం గట్ల తగాదాలు, చెక్ బౌన్సులు, విడాకులు వచ్చే నెలకు వాయిదా వేశాను. ఆ ఉత్తరాలు రాసినవాళ్లు ఏమీ అనుకోవద్దు, కోర్టులో వాయిదాలు మనకు కొత్త కాదుగా.

ప్రశ్న: లాయరు గారూ, నేను పొదిలి దగ్గర హైస్కూల్లో టీచర్ని. 2019లో చటాన్‌పల్లి దగ్గర, దిశ అనే అమ్మాయిపై అత్యాచారం, హత్య కేసులో పట్టుకున్న నలుగురిని పోలీసులు కాల్చేసిన రోజు మా స్టాఫ్‌రూంలో స్వీట్లు పంచారు, నేనూ తిన్నాను, అబద్ధం చెప్పను. మొన్న మా సోషల్ మాస్టారు ఆ పోలీసుల మీద హత్య కేసు నడపాలని సుప్రీంకోర్టు వేసిన కమిషనే చెప్పిందంటే పెద్ద గొడవైంది, ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు. తుపాకీ లాక్కుని కాలుస్తుంటే పోలీసులు చేతులు కట్టుకుని నిలబడాలా? అసలు ఎన్‌కౌంటర్ అయ్యాక కేసు ఎవరి మీద ఉంటుంది?

జవాబు: మాస్టారూ, మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, పీటముడి అంతా అక్కడే ఉంది.

ఎన్‌కౌంటర్ జరిగిన రోజు స్టేషన్లో ఎఫ్ఐఆర్ కట్టరని చాలామంది అనుకుంటారు. కడతారు. అందులో ఫిర్యాది పోలీసు అధికారి, ముద్దాయి చనిపోయిన మనిషి. మమ్మల్ని చంపబోయాడు అని హత్యాయత్నం సెక్షను వేస్తారు, పాత ఐపీసీలో 307, ఇప్పటి న్యాయ సంహితలో 109. ఆ తర్వాత ఏమవుతుందో మీరే ఊహించండి. ముద్దాయి బతికి లేడు కాబట్టి కేసు ముందుకు సాగదు, ఆ ముక్కే రాసి ఒక రిపోర్టు కోర్టుకు పంపుతారు, ఫైలు మూసేస్తారు. ఒక ప్రాణం పోయిన సంగతి మాత్రం ఏ కాగితం మీదా నేరంగా ఎక్కదు. కాల్చింది సబబే కావచ్చు, కాకపోవచ్చు, ఆ ప్రశ్న అడగడానికి ఆ కాగితంలో చోటే ఉండదు. నలభై ఏళ్ల ప్రాక్టీసులో చాలా వాటికి అలవాటు పడ్డాను గానీ దీనికి మాత్రం పడలేకపోయాను.

దీని మీద దేశంలో ముందు గట్టిగా అడిగింది మనవాళ్లే. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదుల మీదే జాతీయ మానవ హక్కుల కమిషన్ కదిలింది. 1997 మార్చిలో అప్పటి చైర్మన్ జస్టిస్ వెంకటాచలయ్య అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. కాల్చినవాళ్లు ఏ స్టేషను వాళ్లో ఆ స్టేషనే దర్యాప్తు చేస్తే కుదరదు, సీఐడీ లాంటి వేరే వాళ్లకు ఇవ్వండి అని. మళ్లీ 2006 జులైలో నల్లమలలో ఎనిమిది మంది చనిపోయిన ఎన్‌కౌంటర్ తర్వాత వ్యవహారం మన హైకోర్టుకు ఎక్కింది. ఐదుగురు జడ్జీలు కూర్చుని 2009 ఫిబ్రవరి 6న తీర్పిచ్చారు. పోలీసు తూటాకు మనిషి పోతే దాన్ని నేరంగానే నమోదు చేయాలి, ఆత్మరక్షణ కోసం కాల్చామన్న మాట కోర్టులో విచారణ జరిగేటప్పుడు తేలాలి, స్టేషన్లో కాదు అన్నారు. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది, తీర్పు మీద స్టే వచ్చింది.

ఆ తర్వాత 2014 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టే ముంబయి ఎన్‌కౌంటర్ల కేసులో పదహారు నియమాలు పెట్టింది. ఎఫ్ఐఆర్ కట్టి ఆలస్యం లేకుండా కోర్టుకు పంపాలి. దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషను టీము గానీ చేయాలి, దాని మీద పర్యవేక్షణ చేసే అధికారి ఎన్‌కౌంటర్ టీము పెద్ద కన్నా కనీసం ఒక మెట్టు పైవాడై ఉండాలి. మెజిస్టీరియల్ విచారణ, అంటే ఆర్డీఓ లాంటి అధికారి చేసే విచారణ, తప్పనిసరి. చనిపోయినవాళ్ల ఇంటికి వీలైనంత త్వరగా కబురు చేయాలి. గాయపడి ప్రాణంతో ఉంటే ముందు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంకా ఉన్నాయి, మిగతావి కింది ఉత్తరాల్లో వస్తాయి. అయితే నా మటుకు నాకు ఒక వెలితి ఉంది. ఎఫ్ఐఆర్ కట్టాలంది గానీ ఎవరి మీద కట్టాలన్నది 2009 తీర్పు చెప్పినంత సూటిగా చెప్పలేదు. ఆ సందులోంచే పాత పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది.

ఇక చేతులు కట్టుకుని నిలబడాలా అన్నారు. అక్కర్లేదు. ప్రాణానికి ముప్పు ఉందని న్యాయంగా అనిపించినప్పుడు ఎదుటివాడి ప్రాణం తీసే హక్కు చట్టం మీకూ నాకూ కూడా ఇచ్చింది, పోలీసులకు ప్రత్యేకంగా ఇచ్చింది కాదు. కానీ దానికి కొలత ఉంది. కత్తి ఎత్తి మీదికొస్తున్నవాడిని కాల్చడం వేరు, కత్తి పారేసి పరిగెత్తేవాడిని వెనక నుంచి కాల్చడం వేరు. అరెస్టు చేసేటప్పుడు కూడా అంతే, ఉరిశిక్షో యావజ్జీవమో పడే నేరం ఆరోపణ లేని మనిషి ప్రాణం తీసే అధికారం అరెస్టు సెక్షను ఎవరికీ ఇవ్వదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో ఇరవై మంది తమిళ కూలీలు చనిపోయినప్పుడు మా బార్ రూంలో కూడా 'దొంగలే కదా' అన్నవాళ్లున్నారు. ఎర్రచందనం చెట్టు నరికినందుకు ఉరి వేసే చట్టం ఎక్కడుందో చూపించమన్నాను. చూపించలేదు, టీ మాత్రం ఇప్పించారు.

చటాన్‌పల్లి సంగతి. మీ సోషల్ మాస్టారు చెప్పింది నిజం. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురినీ ఘటనాస్థలానికి తీసుకెళ్లారు, మా ఆయుధాలు లాక్కున్నారు, రాళ్లు విసిరారు, ఆత్మరక్షణకు కాల్చాం అన్నారు పోలీసులు. ఆ రోజు సాయంత్రానికే కొందరు స్త్రీలు తెలంగాణ హైకోర్టుకు ఉత్తరం రాశారు, కోర్టు శవాలను భద్రపరచమంది. వారం లోపే సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్‌ను వేసింది. డిసెంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు వచ్చి గాంధీ ఆసుపత్రిలో రెండోసారి పోస్టుమార్టం చేశారు. ఆ మొదటి సాయంత్రం రాసిన ఉత్తరమే లేకపోతే అప్పటికి బూడిద తప్ప ఏమీ మిగిలేది కాదు. 2022 మేలో కమిషన్ నివేదిక బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగింది కాదని, చంపాలనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని చెప్పింది. నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. సుప్రీంకోర్టు ఆ నివేదికను తెలంగాణ హైకోర్టుకు పంపింది. కమిషన్ చెప్పినంత మాత్రాన శిక్ష పడ్డట్టు కాదు, అది సిఫార్సు మాత్రమే, ఆ పదిమందికీ తమ వాదన వినిపించుకునే హక్కు పూర్తిగా ఉంది. ఆ నలుగురికి లేకుండా పోయింది సరిగ్గా అదే. ఆ అమ్మాయికి జరిగిన ఘోరం మీద కోర్టులో సాక్ష్యాలు విని తీర్పు చెప్పే రోజూ లేకుండా పోయింది, ఇది మాత్రం స్వీట్లు పంచిన రోజు ఎవరికీ తట్టలేదు. మాట్లాడుకోవడం మానేసిన ఆ ఇద్దరికీ ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: నమస్తే సార్. మాది ఆత్మకూరు వైపు పల్లె. మా తమ్ముడు ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబులు. ఎర్రచందనం కూంబింగుకు పంపుతారని వాడికి ఒకటే టెన్షన్, ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఏడుస్తుంది. పైవాళ్లు కాల్చమంటే కాల్చాల్సిందే కదా, రేపు ఏదన్నా అయితే కేసు వాడి మెడకు చుట్టుకుంటుందా?

జవాబు: అమ్మా, మీరు అడిగినందుకు సంతోషం. ఈ విషయంలో పోలీసుల ఇళ్లలో ఉండే భయం గురించి ఎవరూ రాయరు.

పైవాళ్లు చెప్పారు కాబట్టి చేశాను అన్నది అన్నిసార్లూ కాపాడదు. చట్టబద్ధంగా ఇచ్చిన ఆదేశం పాటిస్తే రక్షణ ఉంది. పట్టుకున్న మనిషిని కాల్చెయ్ అన్నది ఆదేశమే కాదు. 2011లో ముంబయి పోలీసుల కేసు ఒకటి విన్నప్పుడు సుప్రీంకోర్టు ఈ మాట చాలా కటువుగా చెప్పింది, బూటకపు ఎన్‌కౌంటర్ అంటే పథకం వేసి చేసిన హత్యేనని, పై అధికారి పేరు చెప్పుకుని తప్పించుకోలేరని. ప్రభుత్వం అనుమతి లేకుండా కేసు నడవదు కదా అని డిపార్టుమెంటులో ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటుంటారు. పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది 218వ సెక్షను. అది ప్రధానంగా ప్రభుత్వమే తప్ప ఇంకెవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యలేని స్థాయి అధికారుల కోసం. కానిస్టేబులు స్థాయికి దానంతటది వర్తించదు, రాష్ట్రం నోటిఫికేషన్ ఇస్తేనే. పైగా ఆ అనుమతి ఇచ్చేదీ లేనిదీ ప్రభుత్వం 120 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క. అంటే గొడుగు పెద్దవాళ్ల మీదే ఉంటుంది, వానకు తడిసేది చిన్నవాళ్లు.

మీ తమ్ముడికి నేను చెప్పేవి ఇవి. డ్యూటీకి వెళ్లే ముందు ఆయుధం, తూటాల లెక్క రిజిస్టరులో ఎక్కిందో లేదో చూసుకుని సంతకం పెట్టమనండి, తిరిగొచ్చాక కూడా. ఎవరి చేతిలో ఏ తుపాకీ ఉంది, ఎన్ని పేలాయి అన్నదే రేపు కోర్టులో అడుగుతారు. కాల్పులు జరిగితే ఆయుధాన్ని పరీక్షకు అప్పగించాలని 2014 నియమాల్లోనే ఉంది, అప్పగించడం నేరం ఒప్పుకున్నట్టు కాదు. నిజంగా ప్రాణం కోసం కాల్చినవాడికి ఆ పరీక్షే మంచి సాక్ష్యం. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరో టైపు చేసి తెచ్చిన వాంగ్మూలం మీద సంతకం పెట్టొద్దు. తను చూసింది, తను చేసింది తన మాటల్లో చెప్పాలి. పదిమందిదీ ఒకే వాంగ్మూలం అక్షరం పొల్లు పోకుండా ఉంటే జడ్జికి వచ్చే మొదటి అనుమానం ఏంటో మీకు తెలుసు. ఇంకో మాట, ఎన్‌కౌంటర్ అయిన వెంటనే ప్రమోషన్లు, పతకాలు ఇవ్వొద్దని కూడా ఆ నియమాల్లో ఉంది, కాబట్టి ఆ ఆశ ఎవరైనా చూపిస్తే నమ్మొద్దనండి. అమ్మను ఏడవొద్దని చెప్పండి, భయపడేవాడు ట్రిగ్గర్ మీద వేలు తొందరగా పెట్టడు.

ప్రశ్న: కావలి నుంచి డిగ్రీ విద్యార్థిని. ధర్నా మీద కాల్పులు, ఎన్‌కౌంటర్ రెండూ ఒకటేనా?

జవాబు: కాదు నాయనా. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల ధర్నా మీద, 2007 జులై 28న ముదిగొండలో భూముల కోసం చేసిన బంద్ మీద జరిగినవి గుంపును చెదరగొట్టే పేరుతో జరిగిన కాల్పులు. ముదిగొండలో ఏడుగురు పోయారు. గుంపు విషయంలో ముందు చెదిరిపొమ్మని ఆజ్ఞ ఇవ్వాలి, మెజిస్ట్రేటు గానీ ఎస్సై స్థాయికి తగ్గని అధికారి గానీ ఇవ్వాలి, వినకపోతే అవసరమైనంత బలం వాడాలి. మంచి మనసుతో చేసినవాళ్లకు చట్టంలో రక్షణ కాస్త ఎక్కువే ఉంది. ఎన్‌కౌంటర్లో ఆత్మరక్షణ ఒక్కటే ఆధారం. పరీక్షలో రాయడానికైతే ఇంత చాలు.

ప్రశ్న: అయ్యా, మాది ఉదయగిరి దగ్గర కొండ కింద ఊరు. మా దాయాది ఒకతను పోలీసు కాల్పుల్లో పోయాడు. పేపర్లో ఆర్డీఓ గారి ప్రకటన పడింది, ఘటన గురించి తెలిసినవారు ఫలానా తేదీన ఆఫీసుకొచ్చి చెప్పుకోవచ్చని. వెళ్తే మమ్మల్ని కూడా కేసులో ఇరికిస్తారని ఊళ్లో పెద్దలు బెదరగొడుతున్నారు. వాళ్లమ్మకు చదువు రాదు. వెళ్లాలా వద్దా, ఇంకేం చేసుకోవాలి?

జవాబు: వెళ్లండి. మొదటి మాట అదే.

ఆ ప్రకటన పేపర్లో ఏ టెండరు నోటీసు పక్కనో నాలుగు లైన్లు పడుతుంది, ఎవరూ చూడరు, గడువు రోజు ఎవరూ రారు, 'ఎవరూ హాజరు కాలేదు' అని రాసుకుని రిపోర్టు పంపేస్తారు. అలా కాకుండా చేయాల్సింది మీరే. ఆర్డీఓ విచారణ కోర్టు కేసు కాదు, తీర్పూ కాదు, కానీ మీ మాట ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కే మొదటి చోటు. నోటితో చెప్పి రావొద్దు. తెలుగులోనే, చేతిరాతతోనే, రెండు ప్రతులు రాసుకెళ్లండి. చూసింది మాత్రమే రాయండి. ఆఖరిసారి ఎప్పుడు, ఎక్కడ చూశారు, ఏ బట్టలు వేసుకున్నాడు, ఎవరు వచ్చి తీసుకెళ్లారు, ఎన్నింటికి ఫోన్ చేశాడు. మనిషి మంచివాడు అన్నది రాసి పేజీలు నింపొద్దు, అది ఇక్కడ పనికిరాదు.

బట్టలు అన్నాను కదా, ఎందుకన్నానో చెప్పాలి. నేను జూనియర్‌గా ఉన్న రోజుల్లో వెలిగొండ కింద ఒక ఊరి కేసు వచ్చింది. పోలీసు కాల్పులు కాదు, అడవి పందుల వేటలో నాటు తుపాకీ పేలి ఒక కుర్రాడు పోయాడు, పొరపాటున పేలిందా కావాలని కాల్చారా అన్నది ప్రశ్న. శవపంచనామా ఒక ఆసుపత్రి శవాల గది బయట వేపచెట్టు కింద బెంచీ మీద జరిగింది. సాక్షులుగా పిలిచిన పంచాయతీదారుల్లో ఇద్దరు లోపలికి వెళ్లి చూడనే లేదు, వాసనకు తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటే వేలిముద్రలు వేశారు. చొక్కా ఎవరూ సీలు వేయలేదు. శవంతో పాటు ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి వాళ్లమ్మ చేతికిచ్చారు. ఆమె ఏం చేసింది? కొడుకు చొక్కా కదా, రక్తం పోయేదాకా సబ్బు పెట్టి ఉతికి దండెం మీద ఆరేసింది. చాలా దగ్గర నుంచి కాలిస్తే బట్ట మీద మసి పడుతుంది, చర్మం మీద నల్లటి చుక్కలు పడతాయి, దూరం నుంచి కాలిస్తే అవి ఉండవు. కోర్టులో 'ఎంత దూరం నుంచి' అని అడిగినప్పుడు మా దగ్గర ఉన్నది తెల్లగా మెరిసిపోతున్న, ఎడమ జేబు కింద చిల్లున్న ఒక చొక్కా. ఆమెను తప్పు పట్టలేను. ఆ సంచి ఆమె చేతికిచ్చినవాళ్లను మాత్రం పడతాను.

కాబట్టి మీవాళ్ల చేతికి బట్టలు, చెప్పులు, ఫోను ఏదొచ్చినా ఉతక్కండి, తుడవకండి, కాగితం కవర్లో పెట్టి లాయరు ద్వారా కోర్టులో ఇవ్వండి. పోస్టుమార్టం వీడియో తీశారా అని రాతపూర్వకంగా అడగండి. శవం ఇంకా ఉండి, మీకు అనుమానం ఉంటే దహనం చేయకముందే హైకోర్టుకు వెళ్లి రెండో పోస్టుమార్టం అడగొచ్చు. అయిపోయి ఉంటే దాని గురించి ఏడవకండి, వేరే దారులు ఉన్నాయి. స్టేషన్ సీసీ కెమెరాల రికార్డు 18 నెలలు దాచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, అతన్ని ముందుగా స్టేషనుకు తీసుకెళ్లారని మీ అనుమానమైతే ఆ తేదీ రాసి రికార్డు చెరపొద్దని ఇప్పుడే అర్జీ పెట్టండి. దారిలో పెట్రోలు బంకులు, టోల్ గేట్ల కెమెరాలైతే కొద్ది రోజులకే పాతది చెరిపి కొత్తది రాసేసుకుంటాయి.

ఎఫ్ఐఆర్ కాపీ స్టేషన్లో ఇవ్వకపోతే కోర్టులో కాపీ అప్లికేషన్ వేసుకోండి. అది చేతికి రాగానే ముందు చూడాల్సింది ముద్దాయి అన్న చోట ఎవరి పేరుంది అన్నది. మీ దాయాది పేరే ఉంటే ఆశ్చర్యపోకండి, పైన మాస్టారికి రాసిన జవాబు చదవండి. దర్యాప్తు అదే స్టేషను చేస్తోందనో, కుటుంబానికి కబురే చేయలేదనో, 2014 నియమాల్లో ఏది తప్పినా నేరుగా నెల్లూరులో సెషన్స్ జడ్జి గారికి ఫిర్యాదు ఇచ్చుకోవచ్చని ఆ తీర్పులోనే ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెల్లకాగితం మీద రాసినా చాలు, ఫీజు లేదు, కానీ ఘటన జరిగి ఏడాది దాటితే తీసుకోరు, ఆ గడువు గోడ మీద రాసిపెట్టుకోండి.

లాయరుకు డబ్బు లేదని ఆగొద్దు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంది, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని పెడతారు, కాబట్టి అర్జీ వాళ్లమ్మ పేరు మీద పెట్టండి. ఎస్సీ, ఎస్టీలకూ అంతే. మధ్యలో ఎవరైనా వచ్చి పరిహారం ఇప్పిస్తాం, కేసు వదిలేయండి అంటే, పరిహారం తీసుకోవచ్చు, అది ప్రభుత్వం ఇవ్వాల్సిందే, దానికీ కేసుకూ ముడి లేదని చెప్పండి. ఖాళీ కాగితం మీద మాత్రం వేలిముద్ర వేయనివ్వొద్దు.

ఊరి పెద్దలు బెదరగొడుతున్నారన్నారు. విచారణకు వచ్చి చూసింది చూసినట్టు చెప్పడం నేరం కాదు. ఒక్కళ్లు వెళ్లకండి, నలుగురు కలిసి వెళ్లండి, వాళ్లమ్మను తీసుకెళ్లండి. రెండో ప్రతి మీద తేదీ వేసి ఆఫీసు గుండ్రటి ముద్ర కొట్టించుకోండి. సారు లేరు రేపు రండి అని క్లర్కు అంటే గొడవ పడొద్దు, అక్కణ్ణించి సరాసరి పోస్టాఫీసుకెళ్లి అదే కాగితం స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, ఆ రసీదుకు జిరాక్సు కూడా తీయించండి, రసీదు మీద అచ్చు మూడు నెలలకే వెలిసిపోతుంది.